డల్లాస్ పేషెంట్, 22 ట్రేలు, నా సొరుగులో ఉండిపోయిన టెంప్లేట్

2024 జనవరి 2, మంగళవారం సాయంత్రం. కూకట్‌పల్లి నుంచి ఒక తల్లీ కూతురూ వచ్చారు. కూతురికి 31 ఏళ్లు, డల్లాస్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. డిసెంబరు 31న దిగింది, జనవరి 24 తెల్లవారుజామున తిరుగు ప్రయాణం. ఆ అమ్మాయి కుర్చీలో వెనక్కి వాలేలోపే వాళ్లమ్మ మొదలుపెట్టింది.

"డాక్టర్ గారూ, అక్కడ ఐదున్నర వేల డాలర్లు చెప్పారట. దీని ఇన్సూరెన్సులో పెద్దవాళ్ల పళ్ల వరసకి ఇవ్వరట. ఇక్కడ చేయించుకుని ట్రేలన్నీ పెట్టెలో సర్దుకుని పోతానంటోంది. అవుతుందంటారా?"

ఆవిడ అడిగింది అలైనర్ల గురించి: పళ్ల మీద తొడుక్కుని, ఒకదాని తర్వాత ఒకటి మార్చుకుంటూ పోతే పళ్లని కొద్దికొద్దిగా జరిపే పారదర్శకమైన ప్లాస్టిక్ ట్రేలు. అవుతుందన్నాను. అంత తేలిగ్గా అనాల్సిన మాట కాదది. ఎనిమిది నెలల్లో అయిపోతుందనుకున్న కేసు ఏడాది పట్టింది. అందులో పేషెంట్ తప్పు చాలా తక్కువ. రాయడానికి ఆమె ఒప్పుకుంది. గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

అక్కడివాళ్ల లెక్కలో ఇది డెంటల్ టూరిజం. మన లెక్కలో సంక్రాంతికి పుట్టింటికి రావడం. రెండింటికీ తేడా ఉంది, దాని సంగతి డబ్బు దగ్గర చెప్తాను.

అంతకు ముందు నెలలోనే, అంటే 2023 డిసెంబరులో, అమెరికాలో ఇంటికే అలైనర్లు పంపే స్మైల్‌డైరెక్ట్‌క్లబ్ మూతపడింది. చాలామంది ట్రీట్‌మెంట్ మధ్యలో ఆగిపోయారు. ఈ అమ్మాయి కూడా ఆ దారిలో వెళ్దామనుకుని, ఆ వార్త చూసి ఆగింది. "మనిషి ముఖం చూసి చేసే డాక్టర్ కావాలనిపించింది" అంది. వింటే నాకు సంతోషంగానే అనిపించింది. ఆ ముఖం 22 రోజులే కనిపిస్తుందన్న సంగతి అప్పుడు ఇద్దరం పట్టించుకోలేదు.

నోట్లో ఉన్నది

పదిహేనో ఏట విజయవాడలో క్లిప్పులు వేయించుకుంది. పళ్లు మళ్లీ కదలకుండా పెట్టుకునే రిటైనర్ ఇంజినీరింగ్ హాస్టల్లో పోయింది, మళ్లీ చేయించుకోలేదు. పళ్లు మెల్లగా పాత చోటికి బయల్దేరాయి. మా దగ్గరికి వచ్చే పెద్దవాళ్లలో ఈ కథ చాలా మామూలు.

వెనక పళ్లు కొరికే తీరు బాగానే ఉంది. కింది ముందు పళ్లలో సుమారు 4 మిల్లీమీటర్ల ఇరుకు, పైన 2 మిల్లీమీటర్లు. చూడ్డానికి ఇబ్బందిగా ఉన్నది ఒక్కటే: పైన కుడివైపు, మధ్య పన్నుకీ కోర పన్నుకీ మధ్య ఉండే పక్క పన్ను. అది 25 డిగ్రీల దాకా తిరిగిపోయి, పక్కవాటికంటే ఒక మిల్లీమీటరు పైకి ఉంది. ఫోటో తీయించుకునేటప్పుడు తల కుడివైపుకి తిప్పేయడం ఆ అమ్మాయికి ఎప్పట్నుంచో అలవాటట.

ఓపీజీలో, అంటే పళ్లన్నీ ఒకేసారి కనిపించే ఎక్స్‌రేలో, పళ్ల వేర్లు, ఎముక బాగున్నాయి. కింది ముందు పళ్ల వెనక గార కట్టింది, చిగుళ్లు తాకితే రక్తం వస్తోంది. ఎడమ కింది దవడ పన్నులో, పొరుగు పన్నుకి ఆనుకుని చిన్న పుచ్చు.

ఆ పక్క పన్ను గురించి కొంచెం చెప్పాలి, కేసంతా దాని చుట్టూనే తిరిగింది. క్లిప్పుల్లో తీగ పన్నుకి కట్టేసి ఉంటుంది, ఎటు కావాలంటే అటు లాగొచ్చు. అలైనర్ పన్నుని పట్టుకోదు, కప్పుతుంది. పక్క పన్ను చిన్నది, నున్నటిది, కోసుగా ఉంటుంది, పట్టు దొరకదు. ఇరుకులో ఉన్నప్పుడు దాన్ని తిప్పాలని ట్రే రెండు వైపులా నొక్కితే, నానిన చింతగింజని రెండు వేళ్ల మధ్య పిండినట్టు అవుతుంది. గింజ తిరగదు, జారిపోతుంది. పన్ను జారేది చిగురు వైపుకి. అసలే పైకున్న పన్ను ఇంకాస్త పైకి పోతుంది. అందుకే ముందు అటూ ఇటూ చోటు చేసుకుని, ఆ తర్వాతే తిప్పాలి. పీజీలో నేర్చుకున్నదే. పిల్లలకి క్లాసులో నేను చెప్పేదే.

22 రోజుల లెక్క

ఇలాంటి కేసుకి మామూలుగా నాకు స్కాన్ (పళ్ల ఆకారాన్ని కంప్యూటర్‌లోకి ఎక్కించడం) నుంచి మొదటి ట్రే దాకా నెల పడుతుంది. ఇక్కడ అంత టైమ్ లేదు.

3న గార తీశాం, పుచ్చు శుభ్రం చేసి ఫిల్లింగ్ పెట్టాం. స్కాన్ తర్వాత ఫిల్లింగ్ పెడితే పన్ను ఆకారం మారిపోయి ట్రే పట్టదు కాబట్టి అది ముందు అవ్వాలి. నిజానికి చిగుళ్లు తగ్గడానికి వారం ఇచ్చి స్కాన్ తీయాలి, వాపు ఉంటే చిగురు అంచు సరిగ్గా రాదు. ఒక్క రోజే ఇచ్చాను. 4న స్కాన్. 8న ట్రేలు తయారుచేసే కంపెనీ నుంచి ప్లాన్ వచ్చింది: పైన 20 ట్రేలు, కింద 22. పది రోజులకొకటి చొప్పున ఆగస్టు ఆఖరుకి పూర్తి.

సంక్రాంతికి తయారీ యూనిట్‌కి మూడు రోజులు సెలవు, 10వ తేదీలోపు అప్రూవ్ చేస్తేనే పండగ ముందు వరసలో పెడతామన్నారు. 9వ తేదీ రాత్రి తొమ్మిదిన్నరకి, ఆఖరి పేషెంట్‌ని పంపించాక ప్లాన్ తెరిచాను.

స్క్రీన్ మీద అంతా అందంగా జరుగుతుంది. ఒక్కో ట్రేకి పావు మిల్లీమీటరు చొప్పున పళ్లు డాన్స్ మాస్టారు చెప్పినట్టు కదులుతాయి. అక్కడ ఎముక లేదు, చిగుళ్లు లేవు, ట్రే పెట్టుకోవడం మరిచిపోయే మనిషి లేదు. ఆ పక్క పన్ను 4వ ట్రే నుంచే తిరగడం మొదలుపెడుతోంది. దానికి రెండు వైపులా చోటు పూర్తిగా వచ్చేది 9వ ట్రేకి. ఈ సంగతి నాకు ఆ రాత్రే కనిపించింది. వెనక్కి పంపితే ఇంకో రెండు రోజులు, ఆపైన పండగ. ఫర్వాలేదు, పట్టు కోసం పన్ను మీద అంటించే అటాచ్‌మెంట్ ఉందిగా, లాగుతుందిలే అనుకున్నాను. అప్రూవ్ నొక్కాను.

టికెట్ తేదీ ట్రీట్‌మెంట్ ప్లాన్‌లోకి దూరింది ఆ క్షణంలోనే. అప్పుడు అది నాకు తప్పులా తోచలేదు, పని చకచకా అవుతున్నట్టు తోచింది.

పెట్టె 20వ తేదీ శనివారం చేరింది. 21 ఆదివారం, ఆమె కోసమే క్లినిక్ తెరిచాం.

ఆ ఆదివారం

ముందు అటాచ్‌మెంట్లు. ఇవి పన్ను రంగు కాంపోజిట్‌తో (ఫిల్లింగ్ పదార్థంతో) అంటించే చిన్న బుడిపెలు, ట్రేకి పట్టు ఇచ్చేవి. ట్రేలతో పాటు ఒక పల్చటి మెత్తటి ట్రే వస్తుంది, దాన్నే టెంప్లేట్ అంటాం. అందులో బుడిపెల గుంటలు ఉంటాయి. గుంటల్లో కాంపోజిట్ నింపి, పళ్ల మీద బోర్లించి, లైట్ కొట్టి, టెంప్లేట్ ఊడదీస్తే బుడిపెలు పళ్లమీద మిగులుతాయి. పైన ఆరు, కింద ఐదు పెట్టాను. పక్క పన్ను మీద బుడిపె మిగతావాటికంటే చిన్నది, పన్నే చిన్నది కాబట్టి.

తర్వాత ఐపీఆర్. పక్కపక్క పళ్ల మధ్య ఎనామెల్‌ని పల్చగా అరగదీసి చోటు చేయడం. వజ్రపు పొడి అతికించిన సన్నటి రిబ్బన్ లాంటి స్ట్రిప్‌ని పళ్ల మధ్య ముందుకీ వెనక్కీ ఆడిస్తాం. నొప్పి ఉండదు, శబ్దం మాత్రం ఇబ్బంది పెడుతుంది. ఆమె చేతులు కుర్చీ పిడికి బిగుసుకుపోయాయి. ఒక్కో చోట 0.2 మిల్లీమీటర్లు, గేజ్ దూర్చి కొలుచుకుంటూ వెళ్లాను.

ఇక్కడ రెండో రాజీ. ప్లాన్‌లో కింద రెండు చోట్ల ఐపీఆర్ 6వ ట్రే దగ్గర చేయమని ఉంది. అప్పటిదాకా ఆ పళ్లు ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి, అవి ఒకదానికొకటి ఆనాల్సిన అసలు చోటు స్ట్రిప్‌కి అందదు. 6వ ట్రేకి ఆమె టెక్సాస్‌లో ఉంటుంది. అందుకని అన్నీ ఆ రోజే చేసేశాను. ఎక్కి ఉన్న పళ్ల మధ్య అరగదీస్తే తర్వాత ఆనాల్సిన చోటు కాకుండా పక్క చోటు అరుగుతుంది. నేను చేసింది అదే. కింద కూడా రెండో విడత ట్రేలు అవసరం కావడానికి కారణం ఇదే.

గంటన్నర పట్టింది. ట్రే పెట్టడం, తీయడం అద్దం ముందు అయిదుసార్లు చేయించాను. రోజుకి 22 గంటలు ఉండాలి, తిండికీ బ్రష్‌కీ తప్ప తీయకూడదు. వేడి టీ తాగేటప్పుడు తీయాలి, లేకపోతే ట్రే వంకరపోతుంది. పసుపు కూరలు తిన్నాక వెంటనే కడుక్కోవాలి, లేకపోతే బుడిపెలు పచ్చబడతాయి. వాళ్లమ్మ మధ్యలో "అరిసెలు తినొచ్చా డాక్టర్ గారూ?" అని అడిగింది. ట్రే తీసి తినొచ్చన్నాను. పాత ట్రేలు పారేయొద్దు, వరసగా దాచుకోవాలని కూడా చెప్పాను. ఆ రోజు నేను చెప్పినవాటిలో చివరికి పనికొచ్చిన మాట అదొక్కటే.

ఆమె వెళ్లాక మా అసిస్టెంట్ పనిముట్ల ట్రే సర్ది, టెంప్లేట్‌ని కడిగి ఆరబెట్టి, కేసు నంబరు రాసి సొరుగులో పెట్టింది. మామూలుగా చేసే పనే. ఎవరిదైనా బుడిపె ఊడితే వాళ్లు క్లినిక్‌కే వస్తారు కదా.

ఒక్క లైను మెసేజీ

మార్చి 25న వాట్సాప్: "డాక్టర్, పల్లీ చిక్కీ తింటుంటే ముందు పన్ను మీద ఏదో చిన్న ముక్క ఊడినట్టుంది. ట్రే పడుతోంది. పర్వాలేదా?" అప్పుడు 7వ ట్రేలో ఉంది. ఇద్దరు పేషెంట్ల మధ్య నిలబడి చూశాను. ఇంగ్లీషులో ఒక లైను కొట్టాను: 12 మీద అటాచ్‌మెంట్ మళ్లీ పెట్టించుకోండి, దగ్గర్లో ఎవరైనా డెంటిస్ట్ చేస్తారు.

మొదటి ఇబ్బంది: ఎవరైనా చేయరు. ఆమె మూడు క్లినిక్‌లకి ఫోన్ చేసింది. వేరేవాళ్లు మొదలుపెట్టిన కేసు ముట్టుకోమని రెండు చోట్ల చెప్పేశారు. వాళ్లని తప్పు పట్టలేను. సగంలో ఉన్న కేసులో చెయ్యి పెడితే తర్వాత జరిగేదానికంతా వాళ్లు జవాబు చెప్పుకోవాలి. ఆ ప్లాన్ ఏమిటో, ఎవరు చేశారో వాళ్లకి తెలీదు. మూడోచోట కొత్త పేషెంట్‌గా పూర్తి ఎగ్జామ్, ఎక్స్‌రేలు తీశాకే అన్నారు. 180 డాలర్లు. అపాయింట్‌మెంట్ ఏప్రిల్ 19కి దొరికింది.

రెండో ఇబ్బంది నాది. మనం పళ్లకి వాడే రెండంకెల లెక్కలో 12 అంటే పైన కుడి పక్క పన్ను. మొదటి అంకె నోటిలో ఏ మూల, రెండో అంకె మధ్య నుంచి ఎన్నో పన్ను. అమెరికాలో ఎక్కువమంది వాడే లెక్క వేరు: పైన కుడి జ్ఞానదంతం 1 నుంచి మొదలుపెట్టి వరసగా తిరిగి కింద కుడి జ్ఞానదంతం 32 దాకా. ఆ లెక్కలో మా పక్క పన్ను 7. వాళ్ల 12 పైన ఎడమవైపు, కోర పన్ను వెనక పన్ను. దాని మీద కూడా నేను ఒక బుడిపె పెట్టాను. అది చెక్కుచెదరకుండా ఉంది.

ఆమె నా మెసేజీ చూపించింది. వాళ్లు 12 చూశారు. అటాచ్‌మెంట్ గట్టిగానే ఉందన్నారు. మరి ఈ ముందు పన్ను అంటే, మీ డాక్టర్ 12 అనే రాశారు, ముందు పన్ను మీదది ప్లాన్ ప్రకారమే తీసేసి ఉండొచ్చు, ఆయన్నే అడగండన్నారు. ఆమె నాకు మెసేజీ పెట్టింది: "చూపించాను డాక్టర్, అంతా బాగానే ఉందన్నారు." నేను బొటనవేలు బొమ్మ పెట్టాను.

ఈలోగా 8, 9 ట్రేలు అయిపోయి 10 వచ్చింది.

ఏప్రిల్ 24న ఒక ఫోటో. అంతకు ముందు పంపినవన్నీ బాత్రూమ్ లైటు కింద, పెదవులు సగం అడ్డొచ్చినవి. నేనూ చూసి చూడనట్టు ఓకే అంటూ వచ్చాను. ఈసారి భర్త చేత తీయించింది. రెండు స్పూన్లు తిరగేసి బుగ్గలు పక్కకి లాగి, ఫోన్ ఫ్లాష్ వేసి తీశారు. మా క్లినిక్ ఫోటోలంత బాగుంది. పెద్దది చేసి చూశాను. పక్క పన్ను కొనకీ ట్రే అడుగుకీ మధ్య తెల్లటి నెలవంక. ఒకటిన్నర మిల్లీమీటర్ల ఖాళీ. ట్రే ముందుకెళ్లిపోయింది, పన్ను వెనకే ఉండిపోయింది.

మర్నాడు మాకు ఉదయం ఆరున్నర, వాళ్లకి ముందురోజు రాత్రి ఎనిమిది. వీడియోలో కూర్చున్నాం. 12కీ 7కీ సంగతి నాకు అర్థమైంది అప్పుడే, ఆమె అపాయింట్‌మెంట్ కాగితం కెమెరాకి చూపించాక. తప్పు నాదని చెప్పాను. ఆమె కోప్పడలేదు. "ఇప్పుడేం చేద్దాం?" అంది.

పాత ట్రేలు వెనక్కి వెనక్కి పెట్టి చూడమన్నాను. మిఠాయి డబ్బాలో వరసగా దాచి ఉన్నాయి. 9 పట్టలేదు, 8 పట్టలేదు, 7 కొంచెం లేచింది, 6 పూర్తిగా కూర్చుంది. పైన 6 దగ్గరే ఆగమన్నాను, కింద మాత్రం నడిపించమన్నాను.

టెంప్లేట్ నా సొరుగులో ఉంది. కొరియర్‌లో పంపితే కస్టమ్స్‌లో ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. చివరికి మన తెలుగువాళ్ల పద్ధతే పనికొచ్చింది. వాళ్ల అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరో మే నెల మధ్యలో డల్లాస్ వెళ్తున్నారు. వాళ్లమ్మ ఆవకాయ పాకెట్ల మధ్య టెంప్లేట్‌ని గట్టి డబ్బాలో పెట్టి పంపింది. బుడిపె పెట్టింది అక్కడ లైసెన్సున్న ఒక తెలుగు డెంటిస్ట్, ఆమె స్నేహితురాలి బంధువు. నాతో ఫోన్లో పావుగంట మాట్లాడి, ప్లాన్ ఫైలు చూసి, అప్పుడు ఒప్పుకున్నారు. నా రిజిస్ట్రేషన్ తెలంగాణది. టెక్సాస్‌లో కూర్చున్న నోటికి నేను ఇవ్వగలిగింది సలహా వరకే.

బుడిపె పెట్టాక కూడా

ఇక్కడితో ఆపి, అంతా చిక్కీ మీదా అంకెల మీదా తోసేయొచ్చు. కొందరు మిత్రులకి ఈ కేసు అలాగే చెప్పాను కూడా.

కానీ బుడిపె పెట్టాక 7 పట్టింది, 8 పట్టింది, 9 దగ్గర మళ్లీ నెలవంక. బుడిపె ఉంది, ఆమె 22 గంటలు పెడుతోంది. అయినా పన్ను తిరగట్లేదు, పైకి జారుతోంది. చింతగింజ. జనవరి 9 రాత్రి నేను చూసీ వదిలేసినదే. చోటు రాకముందే తిప్పడం మొదలుపెట్టిన ప్లాన్. బుడిపె ఊడకపోయినా ఈ కేసు ఎక్కడో ఒకచోట ఇలాగే ఆగేది, బహుశా 12వ ట్రేకో 13కో. చిక్కీ వల్ల ముందే బయటపడింది.

పైన మళ్లీ ఆపేశాం. జూలై 28న, శ్రావణంలో తమ్ముడి పెళ్లికి వచ్చింది. ఇక్కడినుంచి పనిచేయడానికి ఆఫీసు ఒప్పుకుంది, సెప్టెంబరు 6 దాకా ఉండొచ్చు. నలభై రోజులు. మొదటిసారి ఇంత టైమ్ ఉండి ఉంటే అనిపించింది.

ఈసారి వరస మార్చాను. ముందు పక్క పన్నుకి రెండు వైపులా 0.2 చొప్పున ఐపీఆర్, ఇప్పుడు స్ట్రిప్ సరైన చోటికి అందుతోంది. జూలై 30న ఆ పన్నుకి ముందొకటి, వెనకొకటి రబ్బరు తగిలించే చిన్న బటన్లు అంటించి, ట్రేలో వాటి మేరకు కోసేసి, ట్రే అంచు మీదుగా ఒక బటన్ నుంచి ఇంకో బటన్‌కి చిన్న రబ్బరు వేశాను. రబ్బరు పన్నుని కిందికి, ట్రే లోపలికి లాగుతుంది. రోజూ కొత్త రబ్బరు. వారానికోసారి నేను చూస్తాను. పెళ్లి రోజు ఫోటోల కోసం తీసేస్తానంది, నాలుగు గంటలకి మించొద్దన్నాను. ఆరు గంటలు అయిందని మర్నాడు తనే చెప్పింది.

24 రోజుల్లో పన్ను మిల్లీమీటరుకి పైగా దిగింది, సగం పైన తిరిగింది. ఫోన్లో చెప్పి చేయించే పని కాదిది. బటన్ ఊడొచ్చు, చిగురు నలగొచ్చు, పన్ను పొరుగు పన్నుకి కొట్టుకోవచ్చు. నా కుర్చీలో ఉంది కాబట్టి చేయగలిగాను.

ఆగస్టు 23న మళ్లీ స్కాన్. ఈసారి ప్లాన్‌ని రెండుసార్లు వెనక్కి పంపాను. పక్క పన్ను కోసం చోటు మొదటి రెండు ట్రేల్లోనే, ఆ తర్వాతే తిప్పుడు. తిప్పుడు కూడా అవసరమైనదానికంటే మూడు డిగ్రీలు ఎక్కువ పెట్టించాను, పన్ను ఎప్పుడూ స్క్రీన్ మీద చెప్పినంత తిరగదు. పైన 9 ట్రేలు, కింద 6. సెప్టెంబరు 3న పెట్టాను, మూడు రోజుల తర్వాత ఆమె వెళ్లింది.

వెళ్లేటప్పుడు చేతి సంచిలో ఉన్నవి: ట్రేలు, టెంప్లేట్లు రెండేసి, స్కాన్ ఫైలూ ప్లానూ ఉన్న పెన్‌డ్రైవ్, ఒక కాగితం. ఆ కాగితం మీద ప్రతి పన్నుకీ మన అంకె, పక్కనే వాళ్ల అంకె, దాని పక్కన మాటల్లో 'పైన కుడి పక్క పన్ను' అని ఇంగ్లీషులో, ఏ పన్ను మీద ఏ ట్రే దాకా బుడిపె ఉండాలో. ఇప్పుడు ఈ కాగితం బయటి దేశాల పేషెంట్లందరికీ ఇస్తాం. చేయడానికి మా అసిస్టెంట్‌కి పది నిమిషాలు పడుతుంది.

డబ్బు

అక్కడ చెప్పిన 5,500 డాలర్లు అప్పటి రేటుకి సుమారు నాలుగున్నర లక్షలు. నా ఫీజు 1,45,000, అందులో ఒక రిఫైన్‌మెంట్, అంటే రెండో విడత ట్రేలు, కలిపే ఉంది. ఫిల్లింగ్, గార, రిటైనర్లు వేరు. వాటికి పదహారు వేలు. అక్కడ వృథాగా పోయిన 180 డాలర్లు, తెలుగు డెంటిస్ట్‌కి ఇచ్చిన ఫీజు కలిపినా ఆమెకి సగానికి పైగా మిగిలింది. మిగలడానికి కారణం నా ఫీజు తక్కువ కావడం ఒక్కటే కాదు. రెండుసార్లూ విమానం టికెట్ పండగకీ పెళ్లికీ కొన్నది, పళ్లకోసం కాదు. బస పుట్టింట్లో. ఇవేవీ లేకుండా ఒక్క పళ్లకోసం వచ్చి, మధ్యలో ఇంకోసారి రావాల్సి వస్తే ఆ లెక్క ఎలా ఉంటుందో వేసుకోవచ్చు. ఇప్పుడు ఫోన్లో అడిగేవాళ్లని మొదట అడిగేది అదే: ఏడాదిలో మళ్లీ ఎప్పుడొస్తున్నారు? రామంటే, చిన్న ఇరుకు అయితే తప్ప మొదలుపెట్టను. పన్ను పీకి చేయాల్సిన కేసులు, చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లు, మూసుకుపోవాల్సిన పెద్ద ఖాళీలు, వీటికి అక్కడే చేయించుకోమంటాను. కొందరికి కోపం వస్తుంది. "ఫలానా చోట మూడు వారాల్లో ఇచ్చేస్తామన్నారు డాక్టర్" అంటారు. మూడు వారాల్లో ఇవ్వడం కష్టం కాదు, నేనూ ఇచ్చాను.

ఇంకోటి. మొదలుపెట్టకముందే అక్కడ ఒక డెంటిస్ట్‌తో మాట్లాడి, బుడిపె ఊడితే పెడతారా, చిగుళ్లు చూస్తారా అని అడిగి, ఒప్పుకున్నాకే స్కాన్ తీస్తున్నాను. దీనివల్ల నలుగురు ఆగిపోయారు. ఆగిపోయినా పర్వాలేదు.

2025 జనవరి

ఆఖరి ట్రే డిసెంబరు మొదటి వారంలో అయింది. సంక్రాంతికి మళ్లీ వచ్చింది, ఈసారి రెండు వారాలే. బుడిపెలు తీసి పాలిష్ చేశాం. కింద ఇరుకు పూర్తిగా పోయింది. పైన పక్క పన్ను వరసలోకి వచ్చింది, ఎత్తు సరిపోయింది. నాలుగైదు డిగ్రీల తిప్పుడు మిగిలింది. ఆమెకి కనిపించట్లేదు. నాకు కనిపిస్తుంది, ఫోటో పెద్దది చేయకుండానే. ఇంకో నాలుగు ట్రేలు చేయిస్తానన్నాను, ఫీజు లేకుండా. వద్దంది. "ఇంక ట్రే పెట్టుకోలేను డాక్టర్, నాకిది చాలు" అంది. పేషెంట్ చాలంటే చాలు.

కింద ముందు పళ్ల వెనక సన్నటి తీగ అతికించాను. పైన తీగ అతికిస్తే కింది పళ్లకి తగులుతోంది కాబట్టి తీసి పెట్టుకునే రిటైనర్. తిప్పిన పన్ను చుట్టూ చిగురు నారలు కొత్త చోటికి అలవాటు పడటానికి ఏడాది దాకా పడుతుంది. అన్నాళ్లూ అవి పన్నుని రబ్బరులా వెనక్కి లాగుతూనే ఉంటాయి. మొదటి ఆరు నెలలు పగలూ రాత్రీ పెట్టుకోవాలి, ఆ తర్వాత రాత్రుళ్లు, ఎప్పటిదాకా అంటే పళ్లు వరసగా ఉండాలనుకున్నంత కాలం. హాస్టల్లో పోయిన రిటైనర్ సంగతి గుర్తుచేశాను. నవ్వింది, ఇప్పుడు తల అటూ ఇటూ తిప్పకుండానే.

రిటైనర్లు రెండు సెట్లు చేయించాం. ఒకటి ఆమెతో డల్లాస్ వెళ్లింది. రెండోది కూకట్‌పల్లిలో వాళ్లమ్మ బీరువాలో, పట్టుచీరల పక్కన ఉంది. పోగొట్టుకుంటే ఎవరో ఒకరి చేతికిచ్చి పంపుతానంది ఆవిడ. టెంప్లేట్ డబ్బా కూడా అక్కడే దాచిందట, ఎందుకైనా మంచిదని.